పెట్టె తలుపు తీసే ముందు

చలికాలం మొదలైతే చాలు, మా ఇంటికి కాలేజీ పిల్లలు వస్తారు. ఎచ్చెర్ల నుంచి కొందరు, రాజాం నుంచి కొందరు. పెరట్లో ఉన్న తెల్ల పెట్టెను ఫోటో తీస్తారు, దాని పక్కన నిలబడి తమను తాము తీసుకుంటారు, ఆ తర్వాత అడుగుతారు: "మేడమ్, మేం కూడా ఇంటి దగ్గర ఇలాంటిది పెట్టుకుందామనుకుంటున్నాం. ఏ కంపెనీ థర్మామీటరు కొనమంటారు?"

ఏదైనా కొనుక్కోండి. థర్మామీటరు వల్ల పాడైన లెక్కలు నా ఉద్యోగంలో చాలా తక్కువ చూశాను. మనుషుల వల్ల పాడైనవే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను, ప్రతి సంవత్సరం అదే ఉపన్యాసం నిలబడి చెప్పలేక.

నేను వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో వాతావరణ పరిశీలకురాలిగా పనిచేశాను. డిగ్రీలో ఫిజిక్స్ చదివి అందులో చేరాను. క్షేత్రంలో తనంతట తానే లెక్కలు పంపే యంత్రం నిలబెట్టాక, యాభై దాటీ దాటకుండానే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. యంత్రం మీద అలిగి వచ్చేశానని కొందరంటారు. యంత్రం మీద నాకేం కోపం లేదు. యంత్రం ఉంది కదా అని దాని చుట్టూ గడ్డి కూడా కోయించని మనుషులతో పోట్లాడి పోట్లాడి విసుగెత్తి వచ్చాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎందుకు రాలేదో ఇక్కడ రాయను. రెండోది మొదలుపెడితే ఆపడం కష్టం.

పని

శీతాకాలం పరిశీలన అంటే పిల్లలకు ఏదో పెద్ద ఊహ ఉంటుంది. చెప్పేస్తున్నాను: చలిలో లేవాలి, రోజూ ఒకే వేళకు వెళ్ళాలి, నిన్న రాసిన అంకెలాంటిదే ఇవాళా రాయాలి. వేసవిలో వడగాడ్పులుంటాయి, వానాకాలంలో వరదలుంటాయి, అప్పుడు మిమ్మల్ని అడిగేవాళ్ళుంటారు. మా ప్రాంతంలో చలికాలానికి అలాంటి హడావిడి లేదు. మంచు పడుతుంది, పొద్దెక్కితే ఎండ వస్తుంది, సాయంత్రం మళ్ళీ చలి. ఇందులో విశేషం కావాలనుకునేవాడు పది రోజుల్లో మానేస్తాడు. మానేస్తే ఫరవాలేదు. మానకుండా ఇంట్లో కూర్చుని రాసేవాడున్నాడే, వాడు ప్రమాదం.

ఇద్దరు బాసులు

నేను చేరినప్పుడు ఉన్న పెద్దసారు చాలా తక్కువ మాట్లాడే మనిషి. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. మొదటి రోజే ఆయన, "ముందు దశాంశం చదువు, తర్వాత డిగ్రీ చదువు," అన్నారు.

"అదేంటి సార్, ఎవరైనా ఇరవై రూపాయల యాభై పైసలంటారు గానీ యాభై పైసల ఇరవై రూపాయలంటారా?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. క్షేత్రంలో థర్మామీటర్లుండే పెట్టె తలుపు తీయించి, థర్మామీటరు ముందు నా మొహం పెట్టి నిలబడమన్నారు. నేను చూస్తుండగానే పాదరసం మెల్లగా పైకి జరగడం మొదలుపెట్టింది. నా ఊపిరి, నా ఒంటి వేడి. "డిగ్రీ అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు. దశాంశం నువ్వు చూస్తుండగానే మారిపోతుంది," అన్నారు. నా జీవితంలో వాదన మధ్యలో ఆపేసిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అది మొదటిది.

ఆయన చెప్పిన రెండో మాట: తలుపు తీసే ముందు పెట్టె కంచె చుట్టూ ఒకసారి తిరుగు. దీనికి ప్రదర్శన చూపించలేదు, తన తప్పు చెప్పారు. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక చలికాలం పొద్దున రెయిన్ గేజ్‌లో నీళ్ళు కనబడ్డాయట. కొలిచి, వాన అని రాసి పంపేశారు. జిల్లాలో ఎక్కడా చినుకు లేదు. పైనుంచి ఫోన్ వచ్చాక బయటికెళ్ళి చూస్తే, పక్క మడిలో రాత్రంతా స్ప్రింక్లర్ తిరిగింది, గాలికి నీళ్ళు ఇటు పడ్డాయి. నేలంతా తడిసి బురదగా ఉంది. "బురద తొక్కుకుంటూ వెళ్ళి వాన రాశానమ్మా. కింద చూసుకోలేదు," అన్నారు.

ఆయన తర్వాత వచ్చిన సారు వేరే రకం. ఆయనకు చలికాలమంటే పత్రికల వాళ్ళ ఫోన్లు. మన జిల్లాలో ఇంత చలి ఎప్పుడూ లేదని వార్త వస్తే కింద తన పేరుంటుంది. రోజూ పొద్దున నా బల్ల దగ్గరకొచ్చి అంకె చూసి, "ఇంకొంచెం తగ్గదామ్మా?" అనేవారు.

ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. "థర్మామీటరు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టి చదవమంటారా సార్?" అన్నాను.

ఆ చలికాలమంతా ఆయన నాతో మాట్లాడలేదు. నా ఉద్యోగంలో అత్యంత ప్రశాంతంగా గడిచిన చలికాలం అదే.

మా పెరట్లో

ఇంటికొచ్చాక పని లేకుండా ఉండలేకపోయాను. రాజాంలో వడ్రంగి చేత పెట్టె చేయించాను. చెక్క రెక్కలు ఏటవాలుగా ఉండి లోపలికి గాలి ఆడాలి, ఎండ పడకూడదు, తలుపు ఉత్తరానికి ఉండాలి, కాళ్ళ మీద మనిషి ఛాతీ ఎత్తున నిలబడాలి. అంతా విని అతను, "పావురాలకా అమ్మా?" అన్నాడు. ఊళ్ళో కొందరు తేనెపెట్టె అనుకున్నారు. పెట్టె చుట్టూ మేకలు, కోళ్ళు రాకుండా వెదురు కంచె కట్టించేసరికి ఏదో అమ్మవారిని నిలబెట్టాననుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మా అత్త సింహాచలమ్మ మాత్రం ఏమీ అనుకోలేదు. "దేవుడూ లేడు, తేనే లేదు. ఉత్త పెట్టెకి రంగేటి, కంచేటి?" అంది.

పెట్టె దగ్గరకు రోజూ వచ్చే మనిషి ఒకడే, తవిటినాయుడు. మా అత్త చెల్లెలి కొడుకు, నాకు మరిది వరస. వరి రైతు. పొద్దున్నే పొలానికి పోతూ మా పెరట్లోంచి పోతాడు. రాత్రి ఎంత చలి పడిందో చూపించే థర్మామీటరు లోపల అడ్డంగా పడుకుని ఉంటుంది, అందులో సన్నని పుల్ల ఒకటి అన్నిటికంటే తక్కువ దగ్గర ఆగిపోతుంది. దాన్నెలా చదవాలో అతనికి నేర్పాను. ముందు దశాంశం చదవడం కూడా. మబ్బు కప్పిన రాత్రి నేల వేడి పైకి పోదు కాబట్టి పొద్దున చలి తగ్గుతుందని కూడా నేనే చెప్పాను. కంచె చుట్టూ తిరగమని మాత్రం చెప్పలేదు. అది నా పని, అతనిది కాదనుకున్నాను.

అతనికి ఈ అంకెతో ఏం అవసరమంటారా? మార్గశిరంలో కోసిన వరి పనలు మడిలోనే పరుస్తారు. బాగా ఎండాక కట్టలు కట్టి కుప్ప వేస్తారు. మంచు తడి ఆరకుండా కుప్ప వేస్తే లోపల వేడెక్కి గింజ రంగు మారిపోతుంది, వాసనొస్తుంది, మిల్లులో వెనక్కి నెడతారు. ఎండనీ అని వదిలేస్తే, ఈలోగా వాన కురిసిందంటే పనలు తడిసి పడుకున్నచోటే మొలకెత్తుతాయి. తొందరపడ్డా పోతుంది, ఆగినా పోతుంది. నేను చెప్పబోయే సంగతికి ముందటేడు తవిటినాయుడు ఆగాడు, వాన పడింది. పచ్చగా మొలకలొచ్చిన పనల్ని ఎత్తి గట్టుమీద పారేస్తున్నప్పుడు నేను చూశాను.

నెలగంట పెట్టిన పొద్దున

ధనుర్మాసం మొదలైన రోజు, మావైపు నెలగంట పెట్టారంటాం. ముందురోజు సాలూరులో మా అక్క ఇంటికెళ్ళి రాత్రి అక్కడే ఉండిపోయాను. పరిశీలన వేళకు ఇంట్లో ఉండాలని తెల్లవారగానే మొదటి బస్సెక్కాను. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, సాలూరు లారీలన్నీ లైట్లు వేసుకుని ఒకదాని తోక ఒకటి పట్టుకుని పాకుతున్నాయి. బస్సు కిటికీ మూతపడదు. శాలువా తడిసిపోయింది. వణుకుతూ ఇంటికి చేరాను.

మా అత్త తలంటుకుని, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని అరుగుమీద కూర్చుంది.

"వచ్చీసినావేటే? తవిటినాయుడు నీకోసం సూసి సూసి ఎల్లిపోనాడు. పెట్టె ఆడే సూసుకున్నాడులే."

"ఏమన్నాడు?"

"సలి ఒక్కపాలిగా తగ్గిపోనాదంట. పైన మబ్బెట్టీసినాదంట. ఫోన్లో వాయుగుండమని కూడా వచ్చినాదట. కుప్పెయ్యాలని కూలోల కోసం పరుగెట్టినాడు."

నేను నా తడి శాలువా చూసుకున్నాను. చలి తగ్గడమేంటి? పెరట్లోకి వెళ్ళి, అలవాటు ప్రకారం తలుపు ముట్టుకోకుండా కంచెలోపల ఒక చుట్టు తిరిగాను. ఉత్తరం వైపు, పెట్టెకు బారెడు దూరంలో ఊకపొయ్యి ఉంది. దానిమీద కాగు. మిల్లు నుంచి మా ఆయన తెచ్చే ఊకను డబ్బాలో బిగించి అంటిస్తే మంట రాదు, పొగా పెద్దగా రాదు, రాత్రంతా లోలోపల కాలుతూనే ఉంటుంది. బూడిద మీద చెయ్యి పెడితే ఇంకా సెగ తగులుతోంది. పెట్టె రెక్కల మీద చెయ్యి పెట్టాను. ఆ వైపు చెక్క గోరువెచ్చగా ఉంది.

"అత్తా! ఇదేటిది?"

"కనబడటం లేదేటి? వేన్నీళ్ళ పొయ్యి. నెలగంటెట్టినారు కదా, తెల్లారగట్ల తలంటుకి వేన్నీళ్ళొద్దా? రాత్రే రాజేసీసినాను."

"అంత పెరడుంటే ఇక్కడే దొరికిందా?"

"కంచున్నాది కదా! మేకలు రావు, కోళ్ళు రావు, దూడ తన్నదు. నీ పెట్టెకైతే కంచె కట్టించినావు. నా కాగుకి ఎవులు కట్టించినారు?"

ఆ వాదన తర్వాత చూద్దామని పెట్టె వైపు తిరిగాను.

తలుపు తీసి చూశాను. పుల్ల నిన్నటికంటే నాలుగు డిగ్రీల పైన ఆగి ఉంది. తవిటినాయుడు సరిగ్గానే చదివాడు. పెట్టె కూడా సరిగ్గానే చెప్పింది, తనలోపల గాలి ఎంత వేడిగా ఉందో. ఆ గాలి మా అత్త పొయ్యిది.

శాలువా కూడా తీయకుండా పొలానికి పరుగెత్తాను. గట్టు పక్కన గడ్డి మీద చెయ్యి రాస్తే మోచేతిదాకా తడిసింది. నేను చేరేసరికి కూలీ ఆడవాళ్ళు ఒక మూల పనలు కట్టలు కట్టి కుప్ప మొదలుపెట్టేశారు. పైడమ్మ వాళ్ళకు పెద్ద. తవిటినాయుడు కట్టలు అందిస్తున్నాడు, కంగారులో తలపాగా కూడా ఊడిపోయింది.

"ఆపు తవిటినాయుడూ! కుప్ప వెయ్యొద్దు!"

"అదేటొదినా! రాత్రి సలి తగ్గిందంటే మబ్బని నువ్వే కదా సెప్పినావు! నానే సూసినాను. సుక్క తరవాతి అంకె ముందు సదివినాను, నువ్వు సెప్పినట్టే."

"బాగానే చదివావు. పెట్టె పక్కన మీ పెద్దమ్మ రాత్రంతా ఊకపొయ్యి పెట్టింది."

పైడమ్మ నవ్వడం మొదలుపెట్టింది. "ఓలమ్మో! పెట్టెకి కూడా నెలగంట తానం సేయించినాదేటి ముసిల్ది!" అంది. మడంతా నవ్వు. తవిటినాయుడు నవ్వలేదు.

"మరి ఫోన్లో వాయుగుండం?"

"ఎవరు పంపారు, ఎప్పటిది, ఎక్కడిది? ఉందా అందులో?" ఫోన్ లాక్కుని చూశాను. ఏదీ లేదు. తుఫాను బొమ్మ ఒకటి, కింద దండం పెట్టే గుర్తులు. "నేను బస్సులో రేడియో విన్నాను. అల్పపీడనం ఎక్కడో దక్షిణాన ఉంది. ఇటు తిరిగినా ఇవాళ రాదు. ఇది చూడు ముందు."

ఒక పన ఎత్తి రెండు చేతులతో మెలిపెట్టాను. నీళ్ళు కారాయి. "మబ్బు కప్పిన రాత్రి ఇంత మంచు దిగదు. ఈ పొగమంచు పైన ఆకాశం ఖాళీగా ఉంది. ఇది విడిపోతే ఎండే. ఈ తడితో కుప్పేశావంటే లోపల ఉడికిపోతుంది."

"ఇడిపోకపోతే?" అన్నాడు. మెల్లగా అన్నాడు. అతని కళ్ళలో పోయినేటి మొలకలు కనబడ్డాయి నాకు.

"విడిపోకపోతే వచ్చి మా గుమ్మంలో నిలబడి నన్ను తిట్టు."

"తిడితే ఒడ్లొస్తాయేటొదినా?"

పైడమ్మ అందుకుంది: "ఆవిడకేటి, సెప్పి ఎల్లిపోతాది. మాకింకో సేనున్నాది. అందాకా గట్టుమీద కూకోమంటారేటి?"

"కూర్చోవద్దు. వేసిన కుప్ప విప్పండి. పనలన్నీ తిరగెయ్యండి. నేనెక్కడికీ వెళ్ళను," అని, చీర ఎగ్గట్టి మడిలోకి దిగాను.

తవిటినాయుడు కుప్ప వైపు చూశాడు, కనబడని ఆకాశం వైపు చూశాడు, నా చేతిలో కారుతున్న పన వైపు చూశాడు. "ఇప్పీయండే," అన్నాడు.

విప్పారు. తిరగేశారు. పొగమంచు కదల్లేదు. మామూలుగా విడిపోయే వేళ దాటిపోయింది. పక్క పొలాల్లో కుప్పలు లేస్తున్నట్టు మాటలు వినిపిస్తున్నాయి, మనుషులు కనబడరు. పైడమ్మ ఒకసారి పైకి చూస్తుంది, ఒకసారి నన్ను చూస్తుంది. నాకు భయం వేయలేదని రాస్తే అది కూడా పొయ్యి పక్కన చదివిన అంకే అవుతుంది. నా లెక్కలో తప్పు లేదని తెలుసు. అయినా పోయేది నా వరి కాదు కదా.

ముందు తూర్పు గట్టు మీద తాటిచెట్ల తలలు కనబడ్డాయి. తర్వాత మొదళ్ళు. తర్వాత మడి మీద మా నీడలు పడ్డాయి. పనల మీదనుంచి ఆవిరి లేవడం మొదలైంది. పైడమ్మ తలమీది గుడ్డ తీసి నడుముకి చుట్టుకుంది. "ఎండొచ్చీసినాది. ఇంకేటి సూస్తన్నారే, లెగండి," అంది, అదంతా తనే ఏర్పాటు చేసినట్టు.

మధ్యాహ్నం దాటేసరికి గడ్డి చేతిలో పుటుక్కున విరిగింది. సాయంత్రానికి కుప్ప పూర్తయింది. ఆ వారం చివర్లో వాన నిజంగానే వచ్చింది. అప్పటికి కుప్ప మీద గడ్డి కప్పేసి ఉంది. ఆ పొద్దున తడి పనలే కుప్పవేసిన పక్క పొలం వాళ్ళు నూర్పుకి విప్పితే లోపలినుంచి వేడి ఆవిరి కొట్టింది. గింజ ఎర్రబారిపోయింది. ఇంత నోరుండి, ఆ రోజు ఇంకో రెండు మళ్ళకు వినబడేలా అరవలేదే అని నాకు ఇప్పటికీ ఉంది.

తవిటినాయుడి ఒడ్లు నూర్చిన రోజు కళ్ళం దగ్గర దోసెడు తెచ్చి నా చేతిలో పోశాడు. మచ్చ లేకుండా, గలగలమంటున్నాయి. "సూసుకో," అన్నాడు. అంతే అన్నాడు.

ఊళ్ళో నేను వాన చెప్పగలనని పేరొచ్చింది. పిల్లలూ, మీరలాంటి పేరు ఒప్పుకోకండి. నేను వాన సంగతి ఏమీ చెప్పలేదు. తప్పుచోట పుట్టిన అంకెను పక్కకు తీసి, చేతికి దొరికిన తడిని చూశాను. మన పని అంతవరకే. మిగతాది చెప్పడానికి ఉపగ్రహాలున్నాయి, పెద్ద ఆఫీసులున్నాయి. వాటికి మా పెరట్లో పొయ్యి ఉందని మాత్రం తెలియదు.

గడిలో గీత

ఆ రోజు నా లెక్కల పుస్తకంలో, రాత్రి చలి రాసే గడిలో నేను అంకె రాయలేదు. అడ్డగీత పెట్టాను. ఇది చెబితే పిల్లలు వాదిస్తారు. "ముందురోజుదీ తర్వాతరోజుదీ కలిపి సగం చేసి రాయొచ్చు కదా మేడమ్, గ్రాఫ్ తెగిపోకుండా ఉంటుంది."

రాయొచ్చు. గ్రాఫ్ అందంగా వస్తుంది. కానీ ఆ రాత్రి మా ఊళ్ళో ఎంత చలి వేసిందో నాకు తెలియదు, మీకూ తెలియదు. తెలియనిచోట తెలిసినట్టు రాసే అలవాటు ఒకసారి పడిందంటే, ఇంకొంచెం తగ్గదామ్మా అని అడిగే సారు మీలోనే తయారవుతాడు. ఆయనకు నేను జవాబు చెప్పగలిగాను. మీలో ఉన్నవాడికి ఎవరు చెబుతారు?

గీత పక్కన కారణం రాయాలి. రాస్తుంటే మా అత్త వెనక నిలబడింది.

"ఏటి రాస్తన్నావు నా గురించి?"

"అత్తగారి ఊకపొయ్యి వల్ల ఈ రోజు లెక్క లేదు అని."

"పేరు రాసినావా?"

"లేదు."

"రాయి మరి. సింహాచలమ్మ అని రాయి. ఎవులత్తో తెలవద్దా?"

రాశాను. ఎచ్చెర్ల పిల్లలు ఆ పేజీ ఫోటో తీసుకుంటే ఇప్పుడు పక్కకొచ్చి నిలబడుతుంది కూడా.

ఆ వారమే పెరటికి ఆ చివర, పెట్టెకు వీలైనంత దూరంగా, ఆమె కాగుకి వేరే వెదురు కంచె కట్టించాను. నా కంచె కంటే ఎత్తుగా ఉండాలని పట్టుబట్టింది. కట్టించాను.

ఈ చలికాలం తవిటినాయుడి వరి మళ్ళీ కోతకొచ్చింది. మొన్న తెల్లవారగట్ల కిటికీలోంచి చూశాను. పెరట్లోకి వచ్చినవాడు నేరుగా పెట్టె వైపు వెళ్ళలేదు. కంచె బయట మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. ముక్కెగబీల్చాడు. వంగి నేలమీద అరచెయ్యి పెట్టి చూశాడు. లోపలికెళ్ళి, రెక్కల సందులోంచి వేలు పెట్టి చెక్క తడిమాడు.

"పెద్దమ్మా!" అని కేకేశాడు. "పొయ్యెక్కడెట్టినావు?"

"నా కంచెలో నానెట్టుకున్నాను! నీకేటిరా మద్దెన?" పెరటి ఆ చివరనుంచి జవాబు వచ్చింది.

అప్పుడు తలుపు తీశాడు, ఊపిరి బిగబట్టి.